పాలిమరా, అల్యూమినియమా: ఒక శిక్షణ రేంజ్‌లో 92 మ్యాగజైన్ల కేసు

నేపథ్యం

అమెరికా నైరుతి ప్రాంతంలో ఎండ, దుమ్ము, కంకరనేల ఉన్న ఒక ప్రైవేటు రైఫిల్ శిక్షణ రేంజ్ ఇది. ఊరు, యజమాని, తేదీలు తీసేశాం. మ్యాగజైన్లు, అంటే రైఫిల్‌కు తూటాలు అందించే పెట్టెలు, తయారుచేసిన కంపెనీల పేర్లు కూడా తీసేశాం, ఈ కేసు నేర్పేది కంపెనీల గురించి కాదు గనక. శిక్షణకు వచ్చేవాళ్లకు ఇచ్చే రైఫిళ్లు 14. అన్నీ ఏఆర్-15 రకం, 16 అంగుళాల బ్యారెల్, 5.56 ఛాంబర్ (తూటా కూర్చుని పేలే గది), సెమీ ఆటోమేటిక్. వాటికి 92 మ్యాగజైన్లు ఉన్నాయి, అన్నీ 30 రౌండ్లవి, అంటే 30 తూటాలు పట్టేవి. 64 అల్యూమినియంవి, 28 పాలిమర్‌వి, అంటే ప్లాస్టిక్‌వి. అల్యూమినియంవి మిలిటరీ మిగులు సరుకుగా విడతలు విడతలుగా కొన్నవి. లోపలి ఫాలోవర్లు, అంటే స్ప్రింగు మీద కూర్చుని తూటాలను పైకి తోసే పలకలు, కొన్నింటిలో నల్లవి, ఎక్కువ వాటిలో ఆకుపచ్చవి. పాలిమర్‌వి ఆ తర్వాత కొన్నవి, రెండు కంపెనీలవి.

30 రౌండ్ల మ్యాగజైన్ ఆ రాష్ట్రంలో చట్టబద్ధమే. కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో చట్టం 10 దగ్గర ఆపింది. అక్కడి తెలుగువాళ్లు ఇందులో కారణాలను తీసుకోవచ్చు, అంకెలను మాత్రం తమ పరిమితికి తగ్గించుకోవాలి.

ఈ రైఫిల్‌కు మ్యాగజైన్ చేయడం ఎందుకు కష్టమో ముందు చెప్పాలి. ఏఆర్ మ్యాగ్ వెల్, అంటే రైఫిల్‌లో మ్యాగజైన్ దూరే గూడు, నిటారుగా ఉంటుంది, ఎందుకంటే మొదట్లో ఉన్నది 20 రౌండ్ల నిటారు మ్యాగజైన్. తూటా గుల్ల వెనక కాస్త లావుగా, ముందుకు పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. అందుకే 30 ఒకదాని మీద ఒకటి పేరిస్తే వరస సహజంగా వంపు తిరుగుతుంది. పై భాగం మ్యాగ్ వెల్ కోసం నిటారుగా, కింది భాగం తూటాల కోసం వంపుగా ఉండాల్సి వచ్చింది. ఫాలోవర్ ఆ వంపు దాటి నిటారు భాగంలోకి ఎక్కాలి. అక్కడ ముందుకు వాలిందంటే పైనున్న తూటా ముక్కు కిందికి దిగుతుంది. నల్ల ఫాలోవర్ పోయి ఆకుపచ్చది, అదీ పోయి 2009లో అమెరికా సైన్యం తెచ్చిన ఇసుకరంగు ఫాలోవర్, ఇవన్నీ ఆ వాలును అరికట్టడానికి చేసిన మార్పులే.

వచ్చిన సమస్య

రెండు రోజుల కోర్సుల్లో రైఫిళ్లు పదేపదే ఆగిపోతున్నాయని ఫిర్యాదు. ఇన్‌స్ట్రక్టర్లు అన్నింటినీ "జామ్" అనే ఒక్క మాటతోనే రాస్తున్నారు. ఆ మాట మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోలేం. కాబట్టి మొదట చేసిన పని స్టాపేజ్‌లను, అంటే రైఫిల్ ఆగిపోయిన సందర్భాలను, రకాలుగా విడదీయించడం.

అవి నాలుగు రకాలుగా తేలాయి. ఒకటి, తూటా ముక్కు ఛాంబర్‌లోకి పోకుండా ఫీడ్ ర్యాంపు (తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు) కింద గుద్దుకుని ఆగడం. రెండు, డబుల్ ఫీడ్, అంటే రెండు తూటాలు ఒకేసారి బయటపడి ఇరుక్కోవడం. మూడు, మ్యాగజైన్ ఖాళీ అయినా బోల్ట్ (తూటాను ఛాంబర్‌లోకి తోసి మూసే భాగం) వెనక ఆగకుండా మూసుకుపోవడం. నాలుగు, మొదటి తూటా పేలగానే మ్యాగజైన్ జారి కింద పడటం. ఒక్కో రకానికీ ఒక్కో కారణం ఉంటుంది. మొదటిది చాలావరకు ఫాలోవర్ వాలడం వల్ల గానీ స్ప్రింగ్ నీరసించడం వల్ల గానీ వస్తుంది. రెండోదానికి ఫీడ్ లిప్స్, అంటే పైన తూటాను పట్టి ఉంచే రెండు అంచులు, విచ్చుకోవడం ప్రధాన కారణం. మూడోది స్ప్రింగ్‌నో ఫాలోవర్‌నో, బోల్ట్‌ను వెనక పట్టి ఉంచే క్యాచ్‌నో చూడమంటుంది. నాలుగోది మ్యాగజైన్ సరిగా తగులుకోలేదని చెబుతుంది.

యజమాని అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చాడు: అల్యూమినియం మొత్తం పారేసి పాలిమర్ కొనాలి. ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు దానికి ఎదురు, ప్లాస్టిక్‌ను నమ్మలేమన్నది ఆయన వాదన. ఆ అనుమానం మన దగ్గరా ఉంది. 1999 కార్గిల్ చలిలో ఇన్సాస్ రైఫిల్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్న వార్తలు చాలామందికి గుర్తుంటాయి. కానీ ప్లాస్టిక్ అంటే ఒకే పదార్థం కాదు. ఏ పాలిమర్, లోపల ఏ ఫైబర్, గోడ ఎంత మందం, లిప్స్ దగ్గర ఎంత ముద్ద అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. సైన్యాలకూ ఈ తడబాటు తప్పలేదు. 2012లో పాలిమర్ మ్యాగజైన్లు వద్దన్న అమెరికా మెరైన్ కోర్, 2016 డిసెంబరులో మ్యాగ్‌పుల్ కంపెనీ పాలిమర్ మ్యాగజైన్ పీమ్యాగ్ జెన్ ఎం3కి అనుమతి ఇచ్చింది. మొదటి అభ్యంతరంలో పెద్ద భాగం బలం గురించి కాదు. పాత నమూనా వాళ్ల ఎం27 రైఫిల్ మ్యాగ్ వెల్‌లో సరిగా కూర్చోలేదు.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మేం చేరేటప్పటికే రేంజ్‌వాళ్లు రైఫిళ్ల మీద డబ్బు పెట్టారు. 14 రైఫిళ్లకూ ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లను ఛాంబర్‌లోంచి లాగే కొక్కెం) స్ప్రింగులు, బఫర్ స్ప్రింగులు (బోల్ట్‌ను మళ్లీ ముందుకు తోసేవి) మార్చారు. కార్బైన్ బఫర్ స్ప్రింగు విడిగా 10 1/16 అంగుళాల కంటే పొట్టిదైతే మార్చాలి. తీసేసిన పాతవాటిని కొలిస్తే రెండే పొట్టివి. స్టాపేజ్‌లు తగ్గలేదు. ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఆగిపోవడం కంటికి కనిపించేది రైఫిల్‌లో. చేతులు సహజంగా దాన్నే విప్పుతాయి. మ్యాగజైన్ జేబులోకి పోతుంది, మళ్లీ కలగలుపు పెట్టెలోకి చేరుతుంది, మర్నాడు ఇంకో రైఫిల్‌ను ఆపుతుంది.

తర్వాత అల్యూమినియం మ్యాగజైన్లలో 20కి కొత్త స్ప్రింగులు వేశారు. ఖాళీ అయ్యాక బోల్ట్ ఆగకపోవడం తగ్గింది. డబుల్ ఫీడ్‌లు మాత్రం పెరిగాయి. ఇది అర్థమైతే కేసులో సగం అర్థమైనట్టే. లిప్స్ విచ్చుకున్న మ్యాగజైన్‌లో పాత నీరసపు స్ప్రింగు తూటాను మెల్లగా తోస్తుంది, తూటా అంచుల కింద ఎలాగో నిలుస్తుంది. కొత్త స్ప్రింగు బలంగా తోస్తే అదే తూటా వెడల్పైన సందులోంచి ముందే బయటికి ఉరుకుతుంది. స్ప్రింగు బాగుపడింది, మ్యాగజైన్ చెడింది. లిప్స్ కొలవకుండా స్ప్రింగు మార్చకూడదు.

విచ్చుకున్న లిప్స్‌ని ప్లయర్‌తో నొక్కి దగ్గరకు తేవడం మూడో ప్రయత్నం. ఆరింటిపై చేశారు. కాలిపర్‌తో (సన్నటి దూరాలు కొలిచే పనిముట్టుతో) చూస్తే ముందు కొలత సరిపోయింది, వెనక సరిపోలేదు. లిప్ అంటే రెండు గీతల మధ్య దూరం మాత్రమే కాదు, దానికి వాలు, వంపు, లోపలి అంచు కూడా ఉంటాయి. పైగా ఒకసారి వంగిన అల్యూమినియం ఆ మడత దగ్గర గట్టిపడుతుంది, రెండోసారి వంచితే బీట వారుతుంది. ఆరింటిలో ఒకటి అలాగే చిట్లింది. మిగతావి ఒక కోర్సు కూడా నిలబడలేదు. ఆ పని ఆపించేశాం.

నాలుగోది యజమాని పట్టుదల మీద చేసిన పరీక్ష. అరువు తెచ్చినవి కూడా కలిపి ఒక కోర్సు పాలిమర్‌తో మాత్రమే నడిపారు. తూటా ముక్కు గుద్దుకోవడం, డబుల్ ఫీడ్ దాదాపు మాయమయ్యాయి. మ్యాగజైన్ జారిపడటం మాత్రం పెరిగింది. కారణం మామూలుదే. కొత్తవాళ్లు 30 నింపి, బోల్ట్ మూసి ఉండగా మ్యాగజైన్ పెడతారు. అప్పుడు పై తూటా బోల్ట్ క్యారియర్ అడుగుకు తగిలి కొద్దిగా కిందికి దిగితే తప్ప మ్యాగజైన్ క్యాచ్ (దాన్ని పట్టి ఉంచే కొక్కెం) తగులుకోదు. స్ప్రింగులో చోటు మిగలకపోతే తూటా దిగదు. "టక్" అనే శబ్దం రాకుండానే మ్యాగజైన్ పైకి పోయినట్టు అనిపిస్తుంది. ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగే పిడి) లాగితే మొదటి తూటా ఛాంబర్‌లోకి పోతుంది, పేలుతుంది, మ్యాగజైన్ నేలమీద ఉంటుంది. దీన్ని పదార్థం మీదికి నెట్టకూడదు. గట్టిగా నిండిన ఏ మ్యాగజైన్ అయినా ఇలాగే చేస్తుంది.

ఆలోచన మారిన చోటు

అప్పుడు చేసినది చాలా చిన్న పని. తెల్ల పెయింట్ పెన్నుతో 92 మ్యాగజైన్లకూ అడుగున, పక్కన నంబర్లు వేశాం. అల్యూమినియంకు ఏ-1 నుంచి ఏ-64, పాలిమర్‌కు పి-1 నుంచి పి-28. స్టాపేజ్ అయిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయాలి: మ్యాగజైన్ నంబరు, రైఫిల్ నంబరు, స్టాపేజ్ రకం, మ్యాగజైన్‌లో ఇంకా ఎన్ని మిగిలాయి. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు, నిజానికి అదే అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. నిండుగా ఉన్నప్పుడే ఇబ్బంది పెడితే నింపడం, తగిలించడం చూడాలి. ఫాలోవర్ వంపు దాటేచోట ఇబ్బంది పెడితే ఫాలోవర్‌ను చూడాలి. ఆఖరి రెండు మూడు తూటాల దగ్గరైతే స్ప్రింగు. ఎక్కడపడితే అక్కడైతే లిప్స్ లేదా రైఫిల్.

మూడు కోర్సుల్లో 41 స్టాపేజ్‌లు నమోదయ్యాయి. 29 కేవలం తొమ్మిది అల్యూమినియం మ్యాగజైన్లవి. పాలిమర్‌వి ఐదు: నాలుగు సరిగా తగిలించనివి, ఒకటి లిప్ చిట్లినది. మిగిలిన ఏడింటిలో నాలుగు రెండే రైఫిళ్లవి, మ్యాగజైన్ ఏదైనా ఆ రైఫిళ్లే ఇబ్బంది పెట్టాయి. మూడు సొట్టపడ్డ తూటాల వల్ల.

ఈ లెక్కను రెండు రకాలుగా చదవొచ్చు. యజమాని చదివినట్టు అల్యూమినియం 29, పాలిమర్ 5. లేదా 64లో 55 అల్యూమినియం మ్యాగజైన్లు మూడు కోర్సులూ ఒక్క మాట పడకుండా పనిచేశాయి. రెండో చదువే నిర్ణయానికి పనికొచ్చింది. పైగా అల్యూమినియంవి వయసులో పెద్దవి, ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. పాతవాటినీ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి పదార్థాన్ని తూచడం న్యాయం కాదు.

పనిచేసింది

అనుమానితులను నిర్ధారించడానికి ముందు రైఫిల్‌ను లెక్కలోంచి తీసేయాలి. ఒక్క స్టాపేజ్ కూడా లేని మూడు రైఫిళ్లను ఎంచి, ప్రతి అనుమానిత మ్యాగజైన్‌నూ మూడింట్లోనూ మూడేసి సార్లు 28 నింపి కాల్చారు. మంచిదని తేలిన ఒక మ్యాగజైన్‌ను అనుమానిత రైఫిళ్లలో పెట్టి చూశారు. మ్యాగజైన్ మూడు రైఫిళ్లలోనూ తప్పుచేస్తే తప్పు దానిదే. రైఫిల్ మంచి మ్యాగజైన్‌తోనూ ఆగితే తప్పు రైఫిల్‌ది. ఆ రెండు రైఫిళ్లలో మ్యాగజైన్ క్యాచ్ మరను సరిపడా బిగించలేదు. మర ములికి బటన్ ముఖంతో సమంగా వచ్చేదాకా తిప్పాలి, వీటిలో లోపలికి ఉండిపోయింది. ఐదు నిమిషాల పని.

బల్ల మీద చేసే ప్రతి పరీక్షా జడ తూటాలతోనే, అంటే మందూ ప్రైమరూ లేని డమ్మీలతోనే. నిజం తూటాలు బల్ల దగ్గరికి రాకూడదు, అవి ఉన్న గదిలో రైఫిల్ విప్పకూడదు.

తర్వాత అన్నింటినీ కొలిచాం. ప్రతి కంపెనీది కొత్త మ్యాగజైన్లు మూడు తెచ్చి, లిప్స్ మధ్య దూరం ముందు ఒకచోట, వెనక ఒకచోట కాలిపర్‌తో చూసి, అదే ప్రమాణం అనుకున్నాం. అర మిల్లీమీటరు దాటి తేడా ఉంటే పక్కన పెట్టాలి. ఇది ఈ రేంజ్ కోసం పెట్టుకున్న హద్దు, కంపెనీలు చెప్పినది కాదు. చెడ్డ తొమ్మిదింటిలో ఐదు ఈ హద్దు దాటాయి. రెండింటిలో వెనక వెన్ను దగ్గర అతుకు విడిపోయింది. అల్యూమినియం మ్యాగజైన్ ఒంటిముక్క కాదు, రేకును అతికి చేసినది. పై అతుకు వదిలితే లిప్స్ కొలత ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గానే చూపిస్తుంది, నింపాక విచ్చుకుంటుంది. అందుకే నింపి కూడా కొలవాలి. మిగతా రెండింటి ఒంటి మీద సొట్టలు, ఎవరో తొక్కిన గుర్తులు. బయట చూస్తే చిన్న గుంట, లోపల ఫాలోవర్‌కు గోడ. ఫ్లోర్ ప్లేట్ (అడుగు మూత) తీసి, స్ప్రింగు లేకుండా ఫాలోవర్ ఒక్కటే లోపల వేసి అటూ ఇటూ వంచితే జారిపోవాలి. ఆగినచోట సొట్ట ఉన్నట్టు.

ఇంకా స్టాపేజ్ ఇవ్వనివే అయినా, హద్దు దాటినవి మరో ఆరు దొరికాయి. వాటినీ తీసేశాం. మిగిలిన 49కి వాలని ఫాలోవర్, కొత్త స్ప్రింగు రెండూ వేశాం. ఫాలోవర్ పరీక్షకు పనిముట్టు అక్కర్లేదు. ఖాళీ మ్యాగజైన్‌లో ఫాలోవర్ ముందు అంచును వేలితో నొక్కండి. పాతదైతే ముక్కు వాల్చి దిగుతుంది, ఒక్కోసారి అక్కడే ఇరుక్కుంటుంది. మంచిదైతే ఎక్కడ నొక్కినా మొత్తంగా, సమంగా దిగుతుంది.

పాలిమర్‌వాటిని కొలిస్తే ఒక్కటి కూడా హద్దు దాటలేదు. కానీ పాలిమర్ విషయంలో కాలిపర్‌ను నమ్ముకోవడం పొరపాటు. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, కొలిస్తే దొరుకుతుంది. పాలిమర్ వంగి మళ్లీ వెనక్కి వస్తుంది, లేదా చిట్లుతుంది. చిట్లిన మ్యాగజైన్ ఖాళీగా ఉన్నప్పుడు కొత్తదాని కొలతే చూపించగలదు. దానికి వెలుతురు కావాలి. టార్చి పక్కనుంచి వేసి, లిప్ మొదలునూ వెనక వెన్నునూ వేలితో కొద్దిగా ఒత్తుతూ చూడాలి. నల్ల ప్లాస్టిక్‌లో వెంట్రుకంత తెల్లటి గీత కనిపిస్తే అక్కడ పగులు మొదలైంది. అప్పటికే పట్టుబడ్డ ఒకదానితో పాటు ఇలా మరో రెండు దొరికాయి.

కింద పడేసి చూసిన పరీక్ష తేడాను బాగా చూపించింది. డమ్మీలతో నింపిన మ్యాగజైన్లను, పారేయాలనుకున్న వాటిని, ఛాతీ ఎత్తునుంచి కాంక్రీటు మీదికి లిప్స్ కిందికి వచ్చేలా వదిలారు. అల్యూమినియంవి కొన్ని తూటాలు ఉమ్మేశాయి, ఒక పక్క లిప్ లోపలికో బయటికో వంగింది, అయినా మళ్లీ నింపుకున్నాయి. అంటే ఎవరూ గమనించకపోతే మళ్లీ రైఫిల్‌లోకి పోతాయి. పాలిమర్‌వి ఎగిరిపడి చాలావరకు మామూలుగానే ఉన్నాయి. ఒకదాని లిప్ మూల చిట్లి ముక్క ఊడింది, దాన్ని ఎవరూ మళ్లీ వాడరు. మందపు పాలిమర్ ఎక్కువ దెబ్బలు తట్టుకుంటుందన్నది నిజమే. ఈ రేంజ్‌కు దానికంటే ముఖ్యమైనది వేరే ఉంది. అల్యూమినియం దెబ్బను దాచుకుని పనిలో కొనసాగుతుంది. పాలిమర్ చాలాసార్లు దెబ్బను బయటపెడుతుంది, తెల్ల గీత దశలో మాత్రం దాస్తుంది.

తూకంలో అల్యూమినియంది ఖాళీగా సుమారు 113 గ్రాములు, పాలిమర్‌ది సుమారు 140. తూటాలు నింపాక ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. మందం మాత్రం పట్టించుకోవాల్సి వచ్చింది. ఒక రైఫిల్ మ్యాగ్ వెల్ బిగుతుగా ఉండి, ఒక కంపెనీ పాలిమర్ మ్యాగజైన్లు బటన్ నొక్కినా తమంతట జారి పడలేదు. మ్యాగ్ వెల్‌ను ఆకురాయి పెట్టి అరగదీయాలన్న సలహా వచ్చింది, ఒప్పుకోలేదు. మ్యాగజైన్ మారిస్తే పోయేదానికి రైఫిల్‌ను కోయడం ఎందుకు? ఆ రైఫిల్‌కు అల్యూమినియం కేటాయించారు.

నింపే పద్ధతి కూడా మారింది. 30 బదులు 28. నింపాక పై తూటాను బొటనవేలితో నొక్కితే కొద్దిగా దిగి తిరిగి లేవాలి. రైఫిల్‌లో పెట్టాక కిందికి ఒకసారి లాగి చూడాలి. బోల్ట్ మూసి ఉండగా పెట్టి ఛార్జ్ చేశాక మ్యాగజైన్ తీసి చూస్తే, ముందు కుడివైపున్న పై తూటా ఇప్పుడు ఎడమవైపు ఉండాలి. పక్క మారకపోతే ఛాంబర్‌లోకి ఏమీ పోలేదు. మ్యాగజైన్ జారిపడటం 28 నింపడం, కిందికి లాగి చూడటం అనే రెండు అలవాట్లతోనే ఆగింది.

నిర్ణయం, ఆ తర్వాత

చివరికి యజమాని 40 కొత్త పాలిమర్ మ్యాగజైన్లు కొన్నాడు. 49 అల్యూమినియంవి పారేయలేదు. కొత్తవాళ్ల కోర్సులకు పాలిమర్ ఇస్తారు, ఎందుకంటే కంకర మీద నిండు మ్యాగజైన్లు పడేది అక్కడే. అల్యూమినియంవి బల్లమీద కూర్చుని కాల్చే తరగతులకు, ఆ బిగుతు రైఫిల్‌కు. తర్వాతి నాలుగు కోర్సుల్లో మ్యాగజైన్ వల్ల వచ్చిన స్టాపేజ్‌లు మూడు. నంబర్లు ఉన్నాయి కాబట్టి మూడూ ఆ రోజే బల్ల మీదికి వచ్చాయి.

పాలిమర్ నిల్వలో రెండు జాగ్రత్తలు పెట్టారు. నింపి నెలల తరబడి ఉంచాల్సి వస్తే, లిప్స్ మీద ఒత్తిడి తీసే మూత ఉన్న మ్యాగజైన్‌కు ఆ మూత పెట్టాలి. ఒత్తిడి కింద ప్లాస్టిక్ చాలా నెమ్మదిగా సాగుతుంది, వేడి కారులో ఇంకాస్త త్వరగా. రెండోది, ఘాటు సాల్వెంట్లు, డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేతులు వాటికి తగలకూడదు. కొన్ని ప్లాస్టిక్‌లను డీట్ మెత్తబరుస్తుంది. తుడవడానికి పొడి గుడ్డ, లోపలికి బ్రష్. మ్యాగజైన్ లోపల నూనె వేయడం మానిపించడానికి మాత్రం చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎడారి దుమ్ము నూనెతో కలిస్తే ఫాలోవర్ పక్కల ముద్దలా పట్టుకుంటుంది, అప్పుడు ఏ పదార్థమైనా ఒకటే.

తీసేసిన మ్యాగజైన్లను మొదట చెత్తపెట్టెలో వేశారు. వారం తిరక్కుండా ఏ-17 మళ్లీ ఒక విద్యార్థి సంచిలో కనిపించింది, ఎవరో మంచిదే కదా అని ఏరుకున్నారు. ఇప్పుడు స్ప్రింగు, ఫ్లోర్ ప్లేట్ తీసి విడిగా పెడతారు, లిప్స్‌ని వైస్‌లో పెట్టి నలిపేస్తారు, పుస్తకంలో ఆ నంబరు మీద గీత కొడతారు.